సోలార్ టవర్ పోరస్ అబ్సార్బర్: మోడల్‌లో ముందు ముఖం చల్లగా వస్తోంది, నమ్మొచ్చా?

#1 సూర్యతాపం

అందరికీ నమస్కారం. సోలార్ టవర్ మీద ఉండే ఓపెన్ వాల్యూమెట్రిక్ రిసీవర్‌కి మోడల్ కడుతున్నాను. అద్దాల నుంచి వచ్చే వెలుగు సిలికాన్ కార్బైడ్ ఫోమ్‌లోకి దూరుతుంది, బయటి గాలిని అదే వైపు నుంచి లోపలికి పీలుస్తాం, వెనక నుంచి వేడి గాలి వస్తుంది.

నా లెక్కకు తీసుకున్నవి ఇవి. ఫోమ్ మందం 5 సెంటీమీటర్లు, పోరోసిటీ (మొత్తంలో ఖాళీ భాగం) 0.9, రంధ్రం వ్యాసం 1.5 మిల్లీమీటర్లు. పడే వెలుగు చదరపు మీటరుకు 600 కిలోవాట్లు, గాలి చదరపు మీటరుకు సెకనుకు 0.6 కిలోలు. సిరామిక్‌కి ఒకటి, గాలికి ఒకటి చొప్పున రెండు ఎనర్జీ సమీకరణాలు రాశాను.

గాలి సుమారు 840 డిగ్రీల సెల్సియస్ దగ్గర బయటికొస్తోంది. సిరామిక్ ముందు ముఖం మాత్రం 650 దగ్గరే ఉంది. అంటే పుస్తకాల్లో చెప్పే వాల్యూమెట్రిక్ ఎఫెక్ట్ (ముఖం చల్లగా, లోపల వేడిగా ఉండటం) చక్కగా కనిపిస్తోంది, ఎఫిషియెన్సీ 90 శాతానికి దగ్గరగా ఉంది. కానీ ప్రయోగాల గురించి చదివినప్పుడల్లా ముందు ముఖమే బయటికొచ్చే గాలి కన్నా వేడిగా ఉందని రాస్తున్నారు. తేడా ఎక్కడ వస్తోంది? రేడియేషన్‌కి ఏ మోడల్ వాడటం మంచిది?

#2 గణనగది

ప్రశ్న స్పష్టంగా పెట్టారు, అంకెలు కూడా ఇచ్చారు, సంతోషం. సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి ముందు కాగితం మీద రెండు దూరాలు లెక్కగడదాం.

మొదటిది వెలుగు ఎంత లోతుకు వెళ్తుందన్నది. ఫోమ్‌కి ఎక్కువమంది వాడే సులువైన సూత్రం ప్రకారం ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియెంట్ (వెలుగు ఎంత త్వరగా ఆగిపోతుందో చెప్పే అంకె) కావాలంటే, ఒకటిలోంచి పోరోసిటీ తీసేసి, మూడుతో గుణించి, రంధ్రం వ్యాసంతో భాగించాలి. మీ అంకెలకు మీటరుకు 200 వస్తుంది. దాన్ని తిరగేస్తే 5 మిల్లీమీటర్లు. ఆ లోతులోపే 63 శాతం వెలుగు ఆగిపోతుంది, 15 మిల్లీమీటర్లకు 95 శాతం. మిగతా 3.5 సెంటీమీటర్ల ఫోమ్‌కి సూర్యుడితో దాదాపు పనే లేదు.

రెండోది గాలి ఎంత దూరంలో సిరామిక్ ఉష్ణోగ్రతను అందుకుంటుందన్నది. ఫోమ్‌లకు ప్రచురించిన సాధారణ సూత్రాల ప్రకారం మీ రంధ్రానికి, మీ ప్రవాహానికి వాల్యూమెట్రిక్ హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియెంట్ (సిరామిక్ నుంచి గాలికి వేడి ఎంత జోరుగా పోతుందో చెప్పే అంకె) ఘనపు మీటరుకు, కెల్విన్‌కు దాదాపు 5 లక్షల వాట్లు. గాలి మోసుకెళ్లే ఉష్ణ సామర్థ్యాన్ని దానితో భాగిస్తే 1.3 మిల్లీమీటర్ల చిల్లర.

వెలుగు 5 మిల్లీమీటర్లలో పరుచుకుంటోంది, గాలి 1.3లోనే వేడి లాగేసుకుంటోంది. అలాంటప్పుడు ముందు ముఖం చల్లగా రాక తప్పదు. మీ కోడ్ ఇచ్చిన ఇన్‌పుట్‌లకు సరైన జవాబే చెబుతోంది. ఇక చూడాల్సింది ఆ రెండు ఇన్‌పుట్‌లనే.

సరిగ్గా ముఖం దగ్గర సిరామిక్‌కి, గాలికి మధ్య తేడా ఎంతో చూడండి. అక్కడ ఘనపు మీటరుకు పీల్చుకునే శక్తి 200 ఇంటూ 600 కిలోవాట్లు, అంటే 12 కోట్ల వాట్లు. లోపలి రేడియేషన్‌ని పక్కన పెట్టి, దాన్ని 4.9 లక్షలతో భాగిస్తే 245 కెల్విన్‌లు. ఇప్పుడు ఎక్స్‌టింక్షన్‌ని రెట్టింపు చేసి, హీట్ ట్రాన్స్‌ఫర్‌ని సగం చేయండి. అదే తేడా 980 కెల్విన్‌లు అవుతుంది. సిరామిక్ తిరిగి వెదజల్లే రేడియేషన్ వల్ల నిజంగా అంత పెరగదు, అది పై హద్దు మాత్రమే. అయినా మీ ఫలితం తలకిందులు కావడానికి అది చాలు. వేర్వేరు ప్రయోగశాలల సూత్రాల మధ్య ఈపాటి తేడాలు మామూలే. పైగా మీ రెనాల్డ్స్ సంఖ్య (స్నిగ్ధతతో పోలిస్తే ప్రవాహం జోరు ఎంతో చెప్పేది) 30 దగ్గర ఉంది. మీరు వాడిన సూత్రం ఏ హద్దుల మధ్య సరిపోతుందని రాశారో ఒకసారి చూడండి, కొన్ని సూత్రాలను అంతకన్నా ఎక్కువ వేగాల దగ్గరే కొలిచారు.

#3 పోరస్‌పథం

గణనగది గారి మాటకు చిన్న చేర్పు. తయారీలో ఫోమ్ రంధ్రాలు కొన్ని మూసుకుపోతాయి, కాడలు లావుగా వస్తాయి. పోరోసిటీ 0.9 అని కాగితం మీద ఉన్నా వెలుగుకి కనిపించే అడ్డు ఎక్కువ ఉంటుంది. వీలైతే నమూనాని సీటీ స్కాన్ చేయించి, ఆ జ్యామితిలో మాంటే కార్లో పద్ధతిలో (కంప్యూటర్‌లో యాదృచ్ఛికంగా) కిరణాలు వదిలి ఎక్స్‌టింక్షన్ రాబట్టండి. సూత్రం మీద ఆధారపడటం కన్నా అది వంద రెట్లు నయం.

#4 కొలిమిదారి

నేను కొలతల వైపు మనిషిని. ప్రయోగాల్లో ముందు ముఖం వేడిగా ఉందన్న మాట నిజమే, చాలా పరీక్షల్లో అలాగే వచ్చింది. అయితే ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం మీ ఫోమ్ మీద చేసినవి కావు. జర్మనీలోని యూలిష్ టవర్‌నే తీసుకోండి. 2009లో మొదలైంది, సుమారు 1.5 మెగావాట్ల విద్యుత్తు, గాలి 700 డిగ్రీల దగ్గర. అక్కడ వాడింది సిలికాన్ కార్బైడ్ తేనెపట్టు, అంటే తిన్నగా సాగే చిన్న చిన్న చదరపు గొట్టాల కట్ట. అంతకు ముందు 1990లలో స్పెయిన్‌లోని అల్మేరియా కేంద్రంలో పరీక్షించిన రిసీవర్‌లో లోహపు తీగల మెష్ ఉండేది. ఈ మూడింటి జ్యామితి మూడు రకాలు.

తేనెపట్టులో తిన్నగా వచ్చే కిరణం చాలా లోతుకి పోతుంది. కానీ టవర్ మీదికి కిరణాలు తిన్నగా రావు, పెద్ద అద్దాల క్షేత్రం నుంచి రకరకాల కోణాల్లో వస్తాయి. గొట్టం వెడల్పు 2 మిల్లీమీటర్లు, కిరణం 30 డిగ్రీలు వాలి వస్తోందనుకుంటే మూడున్నర మిల్లీమీటర్లలోనే గోడకు తగులుతుంది. అక్కడే వేడి పేరుకుంటుంది. పైగా ఆ గోడల ముందు అంచులు నేరుగా వెలుగులో ఉంటాయి. ఒకే ఎక్స్‌టింక్షన్ అంకెతో ఆ జ్యామితిని వర్ణించలేం.

ఇంకో సంగతి, ఇది మోడల్ కట్టేవాళ్లు తరచూ వదిలేస్తారు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చూసేది ముఖాన్ని ఒక్కదాన్నే కాదు. రంధ్రాల్లోంచి లోపలి పొరల రేడియేషన్ కూడా బయటికి వస్తుంది, కెమెరా ఆ మొత్తాన్ని కలిపి ఒక ఉష్ణోగ్రతగా చూపిస్తుంది. మీ మోడల్‌లో మొదటి గడిలో (లెక్క కోసం ఫోమ్‌ని విడగొట్టిన ముక్కల్లో ముందరిది) సిరామిక్ ఉష్ణోగ్రత 650 అయినా, 3 మిల్లీమీటర్ల లోపల 800 ఉంటే కెమెరా 650 చూపించదు. కాబట్టి పోల్చాల్సింది మొదటి గడి ఉష్ణోగ్రతను కాదు, ముందు ముఖం గుండా బయటికి పోయే మొత్తం రేడియేషన్‌ని. అలాగే లోపల పెట్టిన థర్మోకపుల్‌కి (ఉష్ణోగ్రత కొలిచే తీగ) ఒకవైపు గాలి తగులుతుంది, ఇంకోవైపు చుట్టూ ఉన్న గోడల రేడియేషన్ పడుతుంది. అది చూపించేది గాలిదీ కాదు, సిరామిక్‌దీ కాదు, మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఈ రెండూ తెలియకుండా మోడల్‌ని కొలతకు సరిపెట్టడం మొదలుపెడితే లేని పారామీటర్లన్నీ పుట్టుకొస్తాయి.

#5 సూర్యతాపం

కొలిమిదారి గారూ, ఇది నాకు చాలా ఉపయోగం. బయటికి పోయే రేడియేషన్ ఫ్లక్స్‌ని విడిగా రాసుకుంటాను.

వెలుగుని ఎక్కడ ఇవ్వాలన్నది ఇంకా తేలలేదు. కొందరు ముందు ముఖం మీద హీట్ ఫ్లక్స్‌గా ఇస్తున్నారు, కొందరు లోతుతో పాటు తగ్గిపోయే సోర్స్‌గా ఇస్తున్నారు. ఇప్పుడు నేను రెండోది వాడుతున్నాను, లోపలి రేడియేషన్‌కి పీ-1 (రేడియేషన్‌ని ఒక డిఫ్యూజన్ సమీకరణంగా కుదించే మోడల్). ముందు ముఖం సిరామిక్‌కి ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరిగే రేడియేషన్ నష్టం కూడా పెట్టాలా?

#6 గణనగది

వద్దు. ఇక్కడే చాలా మోడళ్లలో ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కపెడతారు.

పోరోసిటీ 0.9 అంటే ఆ ముఖంలో 90 శాతం ఖాళీయే. అది గోడ కాదు. లోపలి పొరలు వెదజల్లే రేడియేషన్ పీ-1 సమీకరణంలో ఉంది, అది ముందు సరిహద్దు గుండా బయటికి పోతుంది. దానికి మార్షక్ షరతు (సరిహద్దు గుండా పోయే రేడియేషన్‌ని లెక్కించే నియమం) పెట్టారంటే నష్టం లెక్కలోకి వచ్చేసినట్టే. సిరామిక్ కండక్షన్‌కి ముందు ముఖం దగ్గర జీరో ఫ్లక్స్ ఇవ్వండి. దాని మీద మళ్లీ నాలుగో ఘాతం పెడితే అదే వేడి రెండో దారిలో కూడా పోతుంది.

అసలు ఈ నష్టం మీద ఇంత పట్టింపు ఎందుకంటే, 1000 డిగ్రీల దగ్గర నల్లటి ఉపరితలం చదరపు మీటరుకు 149 కిలోవాట్లు వెదజల్లుతుంది. 800 దగ్గర 75. మీకు వచ్చే వెలుగు 600. ఆ 200 డిగ్రీల తేడాకి ఎఫిషియెన్సీ 12 శాతం మేర కదిలిపోతుంది. మోడల్‌లో ఇంకెక్కడ తప్పు ఉన్నా ఇంత ప్రభావం ఉండదు.

సోర్స్ పద్ధతి సరైందే, అయితే సూర్యుడి వెలుగునీ లోపలి రేడియేషన్‌నీ వేరు చేసి ఉంచండి. వచ్చే కిరణాలకు లోతుతో తగ్గే సూత్రం లేదా కిరణ లెక్క, చెదిరిన భాగానికీ సిరామిక్ వెదజల్లేదానికీ పీ-1. రోస్‌లాండ్ (రేడియేషన్‌ని కండక్షన్‌లా చూసే ఇంకో సులువు మోడల్) జోలికి పోవద్దు. అది ముఖానికి దూరంగా లోపలెక్కడో పనికొస్తుంది, మనకు కావాల్సింది ముఖం పక్కనే. పీ-1 కూడా ముఖం దగ్గర కొంచెం తడబడుతుంది కాబట్టి చివర్లో ఒక్క కేసుకైనా డిస్క్రీట్ ఆర్డినేట్స్‌తో (దిక్కు దిక్కుకీ విడిగా రేడియేషన్ లెక్కించే పద్ధతి) సరిచూసుకోండి.

లెక్క గడుల (మెష్) గురించి ఒక మాట. 5 మిల్లీమీటర్లలో అంతా అయిపోతోంది, గాలి మార్పిడి 1.3లో. మొదటి గడి 0.1 మిల్లీమీటర్ ఉంటే మంచిది, వెనక్కి పోయేకొద్దీ పెంచుకోండి.

#7 ప్లాంట్‌చూపు

నాది కొంచెం వేరే అభిప్రాయం. ఇంత వివరం ఎవరికి కావాలి? నేను ప్లాంట్ మొత్తానికి సంవత్సరం పొడవునా గంట గంటకూ లెక్కలు నడుపుతాను. అందులో రిసీవర్ ఒక చిన్న పెట్టె. గాలీ సిరామిక్ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయనుకుని, నష్టాలకు ఒక ఎమిసివిటీ (ఉపరితలం ఎంత బాగా వేడి వెదజల్లుతుందో చెప్పే అంకె) పెట్టేస్తే చాలు. మీరన్న 1.3 మిల్లీమీటర్లు మొత్తం మందంలో 3 శాతం కూడా కాదు కదా.

#8 పోరస్‌పథం

మందంలో 3 శాతమే, నిజం. కానీ నష్టమంతా ఆ ముక్కలోనే జరుగుతోంది. ఒకే ఉష్ణోగ్రత అనుకుంటే ముఖం దగ్గర గాలితో పాటే సిరామిక్ కూడా చల్లగా మొదలవుతుంది. అప్పుడు ఏ డిజైన్ పెట్టినా మంచి ఎఫిషియెన్సీనే వస్తుంది. చెడ్డ డిజైన్‌ని పట్టుకోలేని మోడల్ డిజైన్‌కి పనికిరాదు.

ప్లాంట్ లెక్కకు మాత్రం మీరన్నది ఒప్పుకుంటాను అన్నా. రెండు ఉష్ణోగ్రతల మోడల్‌ని రకరకాల ఫ్లక్స్‌లకూ గాలి ప్రవాహాలకూ ఒకసారి నడిపి, ఎఫిషియెన్సీ పట్టిక తయారు చేసుకుని మీ పెట్టెలో పెట్టుకోండి. లెక్క వేగం తగ్గదు, నష్టాలూ సరిగ్గా వస్తాయి.

#9 ప్లాంట్‌చూపు

పట్టిక ఆలోచన బాగుంది. అది నాకు సరిపోతుంది.

#10 ప్రవాహి

ఇంతసేపూ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా అదే పెద్దది. సూర్యతాపం గారూ, మీరు సెకనుకు 0.6 కిలోల గాలిని ముఖమంతా సమంగా ఇస్తున్నారు. నిజమైన రిసీవర్‌లో అలా ఎవరూ ఇవ్వరు. వెనక ఫ్యాన్ లాగుతుంది, ముందూ వెనకా ప్రెషర్ తేడా అన్ని చోట్లా ఒకటే, గాలి తనకు సులువైన దారి చూసుకుంటుంది. సులువైన దారి ఎప్పుడూ చల్లగా ఉన్నదే.

లెక్క చూడండి. గాలి వేడెక్కితే స్నిగ్ధత పెరుగుతుంది, సాంద్రత తగ్గుతుంది. స్నిగ్ధత సుమారుగా కెల్విన్ ఉష్ణోగ్రత 0.7వ ఘాతంతో పెరుగుతుంది. రెండూ కలిపితే, డార్సీ ప్రవాహంలో (నిరోధం వేగంతో నేరుగా పెరిగే నెమ్మది ప్రవాహం) ప్రెషర్ డ్రాప్ అంటే మాస్ ఫ్లో ఇంటూ ఉష్ణోగ్రత 1.7వ ఘాతం. వెలుగు ముందరి మిల్లీమీటర్లలోనే ఆగిపోతుంది కాబట్టి ఫోమ్ అంతా బయటికొచ్చే ఉష్ణోగ్రతలోనే ఉందనుకుందాం. ఒక చోట గాలి తగ్గితే అక్కడ ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఎందుకంటే పడే వెలుగు అంతే ఉంది. నష్టాలు వదిలేస్తే మాస్ ఫ్లో ఉష్ణోగ్రత పెరుగుదలకు విలోమం. అంటే ప్రెషర్ డ్రాప్ ఉష్ణోగ్రత 1.7వ ఘాతాన్ని ఉష్ణోగ్రత పెరుగుదలతో భాగించినట్టు మారుతుంది.

దీన్ని అవకలనం చేస్తే, లోపలికొచ్చే గాలి 300 కెల్విన్‌లు అయితే 730 కెల్విన్‌ల దగ్గర కనిష్ఠం వస్తుంది. అది దాటాక గాలి తగ్గేకొద్దీ కావాల్సిన ప్రెషర్ పెరుగుతుంది. ఇంకా పైకి పోతే రేడియేషన్ నష్టాలు మింగేసి మళ్లీ తగ్గుతుంది. కిందికి, పైకి, మళ్లీ కిందికి. ఒకే ప్రెషర్ తేడాకి మూడు జవాబులు, మధ్యది నిలకడ లేనిది. అదే ఫ్లక్స్ కింద పక్కపక్కనే ఉన్న రెండు ముక్కల్లో ఒకటి మామూలుగా, ఇంకోటి గాలి అందక కాలిపోతూ ఉండొచ్చు. సిరామిక్ పగిలేది, లోహపు మెష్ కరిగేది ఇలాంటి చోటే.

ఫోర్క్‌హైమర్ పదం, అంటే వేగం వర్గంతో పెరిగే నిరోధం, ఎక్కువగా ఉంటే ఈ గొడవ ఉండదు. అప్పుడు ప్రెషర్ డ్రాప్ మాస్ ఫ్లో వర్గం ఇంటూ ఉష్ణోగ్రత. అదే అవకలనం చేసి చూడండి, ఎక్కడా పైకి తిరగదు, జవాబు ఒక్కటే. అందుకే యూలిష్ తరహా రిసీవర్‌లో తేనెపట్టుని చిన్న చిన్న కప్పులుగా చేసి, ప్రతి కప్పు వెనక చిన్న రంధ్రమున్న ఆరిఫిస్ పెడతారు. ఆరిఫిస్ నిరోధం వర్గంతోనే పెరుగుతుంది, మొత్తం ప్రవాహాన్ని నిలబెడుతుంది. ఫ్లక్స్ ఎక్కువ పడే మధ్య కప్పులకు పెద్ద రంధ్రం, అంచుల్లో చిన్నది. ఫ్యాన్‌కి కొంత విద్యుత్తు ఎక్కువ ఖర్చవుతుంది, తప్పదు.

మీ మోడల్‌కి దీన్నుంచి వచ్చే మార్పు ఒకటే. ఇన్‌లెట్‌లో మాస్ ఫ్లో తీసేయండి, ప్రెషర్ తేడా ఇవ్వండి, ఫ్లక్స్‌ని మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువగా పెట్టి కనీసం రెండు డైమెన్షన్లలో నడపండి. సమంగా గాలి ఇచ్చే ఒక డైమెన్షన్ మోడల్‌కి ఈ అస్థిరత ఎప్పటికీ కనిపించదు.

#11 సూర్యతాపం

ప్రవాహి గారూ, ఆ అవకలనం చేసి చూశాను, 730 దగ్గరే కనిష్ఠం వచ్చింది. నా గాలి 840 డిగ్రీల సెల్సియస్, అంటే 1100 కెల్విన్‌ల పైన. డార్సీ పదం ఒక్కటే ఉంటే నేను నేరుగా ఆ ప్రమాదకర భాగంలో ఉన్నట్టు.

ఇంకో సందేహం. ఫోమ్ సరఫరాదారు ఇచ్చిన పట్టికలో పర్మియబిలిటీ (డార్సీ పదానికి), ఇనర్షియల్ కోఎఫిషియెంట్ (ఫోర్క్‌హైమర్ పదానికి) ఉన్నాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు కోడ్‌లో ఇవ్వొచ్చా?

#12 ప్రవాహి

ఉన్నవి ఉన్నట్టు వద్దు. ఓపెన్‌ఫోమ్, ఫ్లూయెంట్ అనే ప్రవాహ లెక్కల సాఫ్ట్‌వేర్లు రెండింటిలోనూ ఇనర్షియల్ పదం ముందు అర ఉంటుంది, సగం సాంద్రత ఇంటూ వేగం వర్గం. చాలా పట్టికల్లో ఆ అర ఉండదు. అలాంటప్పుడు పట్టిక విలువని రెట్టింపు చేసి ఇవ్వాలి. లేకపోతే ప్రవాహాన్ని నిలబెట్టే పదమే సగమైపోతుంది.

రెండోది వేగం. పట్టికలు ఖాళీ గొట్టంలో ఉండే వేగం మీద రాస్తారు. మీ కోడ్ రంధ్రాల లోపలి వేగం వాడుతుంటే పోరోసిటీతో సరిచేయాలి. స్నిగ్ధత, సాంద్రత ఉష్ణోగ్రతతో మారేలా పెట్టారో లేదో కూడా చూడండి. గది ఉష్ణోగ్రత దగ్గరి స్థిర విలువలు పెడితే పైన నేను చెప్పిందేదీ కనిపించదు.

#13 కొలిమిదారి

సిలికాన్ కార్బైడ్ కండక్టివిటీ కూడా వేడితో బాగా తగ్గిపోతుంది. ఫోమ్‌లో పదో వంతే పదార్థం, అందులోనూ కాడలు వంకర టింకర, కాబట్టి వాడాల్సిన విలువ గట్టి ముక్క విలువలో చాలా చిన్న భాగం. పక్కకు వేడి పంచి హాట్ స్పాట్‌ని చల్లార్చేది ఈ కండక్షనే. దాన్ని ఎక్కువ చేసి పెడితే మోడల్ నిజం కన్నా భద్రంగా కనిపిస్తుంది.

#14 సూర్యతాపం

ఎక్స్‌టింక్షన్ రెట్టింపు, హీట్ ట్రాన్స్‌ఫర్ సగం పెట్టి నడిపాను. ముందు ముఖం బయటికొచ్చే గాలిని దాటేసింది, ఎఫిషియెన్సీ బాగా పడింది. గణనగది గారు కాగితం మీద చెప్పినట్టే. నమూనా స్కాన్‌కి ఏర్పాటు చేస్తున్నాను, అది వచ్చేదాకా ఒక్క అంకెగా కాకుండా పై హద్దు, కింది హద్దుతో ఫలితం ఇస్తాను.

చివరిగా ఒకటి. మబ్బు అడ్డొస్తే ఏమవుతుందో చూడాలంటే ట్రాన్సియెంట్‌లో (కాలంతో మారే లెక్కలో) గాలికి కూడా టైమ్ టర్మ్ కావాలా?

#15 గణనగది

గాలికి అక్కర్లేదు. దాని ఉష్ణ సామర్థ్యం సిరామిక్ ముందు లెక్కలోకి రాదు, ప్రతి క్షణం స్థిరస్థితిలో ఉందనుకోవచ్చు.

సిరామిక్ కాలం చూడండి. 5 సెంటీమీటర్ల మందంలో పదో వంతు సిలికాన్ కార్బైడ్ అంటే చదరపు మీటరుకు 16 కిలోలు. వేడిగా ఉన్నప్పుడు కెల్విన్‌కు దాదాపు 19 కిలోజౌళ్లు. గాలి కెల్విన్‌కు సెకనుకు 0.66 కిలోజౌళ్లు మోసుకెళ్తోంది. భాగిస్తే అర నిమిషం లోపు. ముందరి 5 మిల్లీమీటర్లకైతే 3 సెకన్లే. మబ్బు అంచు దాటేసరికి ముఖం చల్లబడిపోతుంది, వెనక భాగం ఇంకా వేడిగా ఉంటుంది. థర్మల్ స్ట్రెస్ ఎక్కువుండేది అక్కడే. టైమ్ స్టెప్ 0.1 సెకను దగ్గర మొదలుపెట్టండి.

#16 ప్రవాహి

మబ్బు తొలగే క్షణాన్ని కూడా నడపండి. ఫోమ్ చల్లబడ్డాక అదే ప్రెషర్‌కి గాలి ఎక్కువ వస్తుంది, అందుకని చాలా కంట్రోల్ పద్ధతులు గాలి ఉష్ణోగ్రత పడకుండా ఫ్యాన్ తగ్గిస్తాయి. వెలుగు ఒక్కసారిగా తిరిగొచ్చేసరికి ఫ్యాన్ ఇంకా తక్కువలోనే ఉంటుంది. మీ ముఖం ఉష్ణోగ్రత గరిష్ఠం అప్పుడే వస్తుంది, ఫ్యాన్ స్పందించే సమయాన్ని మోడల్‌లో పెట్టకపోతే అది కనపడదు.